తీసేసి మళ్ళీ వేసుకోండి

ఆఫీసులో అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. అక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాళ్ళలో ఆమె కంటే పెద్దవాళ్ళు లేరు. చేరిన మొదటి రోజు పక్క కుర్చీ అమ్మాయి "పిన్నీ, ఈ మీట నొక్కితే కాల్ వస్తుందండీ" అన్నది. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది.

అది కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీకి సహాయ కేంద్రం. ఆట కొనుక్కున్నవాళ్ళు ఏ తేడా వచ్చినా అక్కడికే ఫోన్ చేస్తారు. అంతకు ముందు పిన్ని ఒక బట్టల దుకాణంలో బిల్లుల దగ్గర పొద్దస్తమానం నిలబడి పనిచేసేది. సాయంత్రానికి కాళ్ళు దిండ్లలా వాచేవి. కూర్చుని చేసే పని ఏదైనా మహాభాగ్యమే అనుకుని ఇక్కడ చేరింది. ఇప్పుడు కాళ్ళు బాగున్నాయి, వాపంతా చెవుల్లోకి వచ్చిందని నవ్వుతుంది. ఆ నవ్వు కూడా ఈమధ్య తగ్గింది.

ఆమె ఏనాడూ ఒక్క ఆటా ఆడలేదు. మిఠాయి కొట్లో పనిచేసేవాడికి తీపి వాసన వస్తేనే మొహం మొత్తినట్టు, ఇంటికి వెళ్ళాక తెర వైపు చూడబుద్ధి కాదు. ఇంట్లో ఆడేది అత్తగారు.

భర్త లారీ నడుపుతాడు. సరుకు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాడు, నెలలో సగం రోజులు కూడా ఇంట్లో ఉండడు. మిగిలేది అత్తాకోడళ్ళు, రెండు గదులు, ఒక వరండా. అత్తగారు బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ బస్సు ఎప్పుడు బయలుదేరాలి, ఏ డ్రైవరు రాకపోతే ఎవరిని ఎక్కించాలి అన్నది ఆమె నోటిమాట మీద నడిచేది. మోకాళ్ళు అరిగి ఇంట్లో కూలబడ్డాక, ఆ పెత్తనమంతా కోడలి మీద తిరిగింది. పొయ్యి మీద గిన్నె ఎప్పుడు పెట్టాలి, తడిబట్టలు ఏ వరసలో ఆరెయ్యాలి, అన్నింటికీ ఆమె దగ్గర ఒక టైమ్‌టేబుల్ ఉండేది.

ఒక ఏడాది కంపెనీవాళ్ళు పనివాళ్ళందరికీ తలా ఒక ఆట ఊరికే ఇచ్చారు. అది రైళ్ళ ఆట. పట్టాలు వెయ్యాలి, స్టేషన్లు కట్టాలి, రైళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా నడపాలి. పిన్ని దాన్ని తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ప్రేమతో కాదు. కాసేపు తన మానాన తనను వదిలేస్తుందని.

అత్తగారు మొదట ఎలుకను పట్టుకున్నట్టు మౌస్‌ను రెండు వేళ్ళతో పట్టుకుంది. వారం తిరక్కుండా పట్టాలు వెయ్యడం నేర్చేసింది. నెల తిరిగేసరికి "ఈ ఆట తయారుచేసినవాడు ఒక్కరోజైనా డిపోలో నిలబడ్డాడా అని అడుగు మీవాళ్ళని. రైలు వచ్చి ఆగీ ఆగకముందే కదిలిస్తాడు, ముసలివాళ్ళు ఎలా దిగుతారు?" అంటూ తగువు పెట్టుకుంది. ఇక ఆ ఇంట్లో తడిబట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఏళ్ళు గడిచాయి. ఆ ఆటలో అత్తగారు పట్టాలు వేసుకున్న లోయలో స్టేషన్లు వంద దాటాయి. వాటికి చుట్టాల పేర్లు పెట్టుకుంది. పెద్దక్క జంక్షన్, మామయ్య టెర్మినల్, చచ్చిపోయిన మేనత్త పేరు మీద కొండమలుపు దగ్గర ఒక చిన్న స్టేషన్. ఒకసారి పిన్ని టీ ఇస్తూ తెర వైపు చూసి, "నా పేరు మీద ఉత్త హాల్టేనా అత్తయ్యా?" అంది.

"నువ్వు ఇంట్లో ఆగేది ఎంతసేపని స్టేషన్ కట్టను?" అంది అత్తగారు.

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళ మధ్య అలాంటి నవ్వు రావడానికి పెళ్ళయిన ఇన్నేళ్ళూ పట్టింది.

రైళ్ళ ఆటకు పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు పిన్నిది పొద్దుటి షిఫ్టు. ఆమె కుర్చీలో కూర్చునేసరికే ఎదురుగా గోడ మీది బోర్డులో ఎదురుచూసే కాల్స్ వరద గోదారిలా పెరుగుతున్నాయి. ఫోన్ చేసినవాళ్ళంతా చెప్పేది ఒకటే. అప్‌డేట్ అయింది, ఆట తెరిస్తే 'పాత ఫైలు మారుస్తున్నాం, ఆగండి' అని వచ్చింది, అక్కడే బిగుసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే ఫైలు పాడైందంటోంది.

జరిగింది ఇది. కొత్త అప్‌డేట్ వస్తూనే, మనం ఆడి దాచుకున్న పాత ఫైలును తెరిచి, దాన్ని తన పద్ధతిలో తిరగరాస్తుంది. ఫైలు చిన్నదైతే చిటికెలో అయిపోతుంది. పెద్దదైతే మధ్యలో చిక్కుకుంటుంది. అప్పుడు సగం కొత్త రాత, సగం పాత రాత, అటు కొత్త ఆటకూ ఇటు పాత ఆటకూ అర్థం కాని రెంటికీ చెడ్డ రేవడి తయారవుతుంది. అందుకే నిన్నామొన్నా మొదలుపెట్టినవాళ్ళకు ఏమీ కాలేదు. ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కొక్క పట్టా పేర్చుకున్నవాళ్ళకే పోయింది.

పొద్దెక్కాక వాళ్ళ టీమ్ లీడరు వచ్చి అందరి తెరల మీదకూ ఒక సూచన పంపాడు. అతనూ రాత్రంతా నిద్ర లేనట్టే ఉన్నాడు. "ఆట తీసేసి మళ్ళీ వేసుకోమని చెప్పండి. అంతే. ఎక్కువ మాట్లాడొద్దు, లైన్లో జనం ఉన్నారు."

పక్క కుర్చీ అమ్మాయి మైకు మూసి, "తీసేస్తే వాళ్ళ పాత కాపీలు పోవా పిన్నీ?" అంది.

పిన్నికీ ఆ అనుమానం వచ్చింది. ఆ ఆట కొన్ని రోజులకోసారి తనంతట తాను ఒక పాత కాపీ తీసి పక్కన పెట్టుకుంటుంది. అయితే ఆ పక్కన అన్నది ఆట ఫోల్డర్ లోపలే. ఇల్లు కూలగొడితే గూట్లో దీపం ఉంటుందా? కానీ అప్పటికే ఇంకో కాల్ మోగుతోంది. "పైవాళ్ళు చూసే పంపుంటార్లే" అని మీట నొక్కింది.

ఆ రోజు ఆమె ఎంతమందికి ఆ మాట చెప్పిందో ఆమెకే గుర్తులేదు. తిట్టినవాళ్ళు ఉన్నారు, ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఎవరికైనా సరే "మీ ఇబ్బంది మాకు అర్థమైందండి. దయచేసి ఆట తీసేసి మళ్ళీ వేసుకోండి" అనేది. ఒక పెద్దాయన మాత్రం చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"నేను తిట్టడానికి చెయ్యలేదమ్మా. పోయింది పోయింది, మీరేం చేస్తారు. ఇంట్లో చెబితే ఆటే కదా అంటారు. ఎవరికైనా చెప్పుకుందామని చేశాను."

"మీ ఇబ్బంది మాకు అర్థమైందండి" అంది పిన్ని.

"సరే, తీసేస్తున్నాను. ఇదిగో, నొక్కాను" అన్నాడాయన. మీట నొక్కిన చిన్న చప్పుడు ఆమె చెవిలో పడింది.

షిఫ్టు అయ్యాక లాకర్లోంచి ఫోన్ తీసుకుంటే అత్తగారి కాల్స్ వరసగా ఉన్నాయి. పనివేళలో ఫోన్లు లాకర్లోనే ఉండాలి. ఒంట్లో బాలేదేమో అనుకుంది. తిరిగి చేస్తే అత్తగారు ఎత్తి, "ఏం లేదు, ఇంటికి రా" అని పెట్టేసింది.

బస్సులో నిలబడే వచ్చింది. మెట్లెక్కి తలుపు తోసేసరికి అత్తగారు కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెర మీద ఆట మొదటి పేజీ వెలుగుతోంది. 'కొత్త ఆట' అన్న మీట ఒక్కటే ఉంది. 'కొనసాగించు' అన్నది లేదు.

"పోయిందమ్మా" అంది అత్తగారు.

పొద్దుటినుంచి ఒకే మాటకు అలవాటు పడిన నోరు. చెప్పులైనా విప్పకుండా పిన్ని, "మీ ఇబ్బంది మాకు అర్థమైందండి" అనేసింది.

అత్తగారు తలతిప్పి చూసింది. కోపంగా కాదు. "నేను నీ కస్టమర్ని కాదే తల్లీ."

పిన్ని గోడకు ఆనుకుని అక్కడే కింద కూర్చుండిపోయింది. "ఏం జరిగిందో మొదట్నించీ చెప్పండి అత్తయ్యా" అంది.

"అప్‌డేట్ అన్నది. సరే అన్నాను. ఎప్పుడూ అనేదే కదా. తిరుగుతా తిరుగుతా ఆగిపోయింది. నీకు చేశాను, నువ్వెత్తలేదు. ఆట వచ్చిన పెట్టె మీద మీ ఆఫీసు నంబరు ఉంటే దానికి చేశాను. చాలాసేపు పాట వినిపించారు. తర్వాత ఎవరో అబ్బాయి ఎత్తాడు. పాపం మర్యాదగానే మాట్లాడాడు. తీసేసి మళ్ళీ వేసుకోమన్నాడు. మీవాళ్ళే కదా అని అలాగే చేశాను."

"నా పేరు చెప్పలేదా?"

"చెబితే? నీ అత్తగారైతే వేరే మందు ఉందా?"

పిన్ని చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. ఇన్నేళ్ళలో ముక్కూమొహం తెలియని వేలమందికి, అప్‌డేట్ చేసే ముందు ఫైలు కాపీ తీసి వేరేచోట పెట్టుకోండి అని చెప్పింది. ఒకే గోడ అవతల పడుకునే మనిషికి ఒక్కసారి చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ మాటే ఎత్తకూడదన్నది ఆమె పంతం. ఆ పంతం ఖరీదు ఇప్పుడు తెర మీద కనిపిస్తోంది.

మొహం కడుక్కుని వచ్చి వెతకడం మొదలుపెట్టింది. ఆట ఫోల్డర్లో ఏమీ లేదు, అంతా కొత్తగా, కడిగిన పలకలా ఉంది. కంపెనీవాళ్ళ సర్వరులో ఆన్‌లైన్ కాపీ ఒకటి ఉంటుంది. దాన్ని చూస్తే అదీ పాడైనదే. ఇక్కడ ఫైలు చెడిన వెంటనే ఆట, ఇదే కొత్తదనుకుని ఆన్‌లైన్లో ఉన్న మంచిదాని మీద దీన్ని రాసేసింది. అద్దం ముందు నిలబడ్డవాడి మొహం గీరుకుంటే అద్దంలోనూ గీతే కనిపిస్తుంది. ఆన్‌లైన్ కాపీ ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళకు పిన్ని ఎన్నిసార్లు చెప్పిందో ఈ మాట.

"ఇక లే. అన్నం తిను. పొద్దుటినుంచి ఏం తిన్నావో ఏమో" అంది అత్తగారు.

తింటుండగా పిన్నికి అటక మీది లాప్‌టాప్ గుర్తొచ్చింది. కిందటేడు ఈ కంప్యూటరు కొనకముందు అత్తగారు దానిమీదే ఆడేది. తెర మూల పగిలిందని, తర్వాత బాగుచేయిద్దామని గుడ్డలో చుట్టి పైన పెట్టారు. తర్వాత అన్నది రానే లేదు.

"దాంట్లో ఉంటుందా?" అంది అత్తగారు. మొదటిసారి ఆమె గొంతు కాస్త లేచింది.

"ఉండొచ్చు. పాతదే ఉంటుంది. ముందు ఇంట్లో నెట్టు ఆపెయ్యాలి."

"ఎందుకూ?"

"నెట్టు ఉందనుకోండి, అది తెరవగానే ఆన్‌లైన్లో ఉన్నదాన్ని చూస్తుంది. దాని తారీఖు ఇవాళ్టిది, దీనిది కిందటేటిది. కొత్తదే మంచిదనుకుని పాడైనదాన్ని లాక్కొచ్చి మంచిదాని మీద పడేస్తుంది. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే."

పిన్ని స్టూలు ఎక్కి లాప్‌టాప్ దించింది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి నెట్టు పెట్టె వైరు తనే పీకింది. పీకిన వైరును చేతిలోనే పట్టుకుని నిలబడింది, వదిలితే అదే పోయి తగులుకుంటుందేమో అన్నట్టు. బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి ఛార్జరు పెట్టి ఉంచితేనే లాప్‌టాప్ వెలిగింది. పిన్ని ఆట తెరవలేదు. ముందుగా ఫైళ్ళున్న ఫోల్డరు తెరిచి, దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవులోకి కాపీ చేసింది. అది పూర్తయ్యాకే ఆట మీద నొక్కింది.

పట్టాలు కనిపించాయి. పెద్దక్క జంక్షన్ ఉంది. మామయ్య టెర్మినల్ ఉంది, కానీ రెండే ప్లాట్‌ఫారాలతో. కొండమలుపు దగ్గర ఏమీ లేదు, గడ్డి ఉంది.

అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుని లోయంతా ఒకసారి చూసింది. "సగానికి సగం లేదు" అంది. "పుట్టింటికి వెళ్తే చిన్నప్పటి ఫోటో చూపించి ఇదిగో నువ్వు అన్నట్టుంది. నేనే కానీ, నేను కాదు."

"మళ్ళీ కట్టుకోవచ్చు అత్తయ్యా."

"కట్టుకోవచ్చులే. కట్టినంత ఓపిక ఇప్పుడు లేదు. మూసెయ్."

పిన్ని మూసేసింది. అంత కష్టపడి వెతికి ఇస్తే ఒక్క క్షణమైనా సంతోషించలేదని ఆమెకు లోలోపల చురుక్కుమంది. ఆ చురుకు వెనకే సిగ్గేసింది.

మరునాడు ఆఫీసులో లీడరు దగ్గరకు వెళ్ళింది. "ఆట తీసేస్తే లోపలున్న పాత కాపీలు పోతున్నాయండి. తీసేయడానికి ముందు ఫోల్డరు కాపీ చేసుకోమని చెప్పాలి."

లీడరు కళ్ళు నులుముకున్నాడు. "నిన్న మధ్యాహ్నమే మెయిల్ పెట్టాను పిన్నిగారూ. పైనుంచి జవాబు లేదు. జవాబు వచ్చేదాకా రాసిందే చదవాలి. నా చేతుల్లో ఏముంది చెప్పండి."

"మా అత్తగారిది పోయింది."

అతను చుట్టూ ఒకసారి చూశాడు. "ఫోన్లో వాళ్ళకి మీరు ఏం చెబుతారో నేను విననట్టే" అన్నాడు. అంతకు మించి ఇవ్వగలిగింది అతని దగ్గర లేదు.

పిన్ని కుర్చీలోకి వచ్చి, ఆ రోజునుంచి తెర మీది సూచన చదవడం మానేసింది. "ముందు ఏదీ తీసెయ్యకండి. ఆట మూసెయ్యండి. నెట్టు ఆపెయ్యండి. ఫైళ్ళున్న ఫోల్డరును మొత్తంగా పెన్‌డ్రైవులో వేసుకోండి. పాత కాపీ ఏదన్నా ఉందేమో అప్పుడు వెతుకుదాం" అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చునేది. కొందరికి దొరికింది. చాలామందికి అప్పటికే ఆలస్యమైపోయింది. ఒక్కో కాల్ సాగిపోయి, నెలాఖరుకు అందరికంటే నెమ్మదిగా పనిచేసింది ఆమేనని తేలింది. ఇంకాస్త చురుగ్గా ఉండాలని ఒక మెయిల్ వచ్చింది. చదివి ఊరుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఎవరూ ఏమీ అనకుండానే తెర మీది సూచన మారింది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఎవరికీ తెలియదు. ఆ పెద్దాయన మాత్రం మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. చేస్తాడని ఆమె చాలా రోజులు ఎదురుచూసింది. నంబరు వెతికి తనే చేద్దామనుకుంది, ఏం చెప్పాలో తోచక ఊరుకుంది.

ఇంట్లో అత్తగారు కంప్యూటరు జోలికి పోలేదు. వరండాలో కూర్చుని వీధిలో పోయే బస్సుల్ని చూసేది. తడిబట్టల టైమ్‌టేబుల్ మళ్ళీ మొదలవుతుందేమోనని పిన్ని చూసింది. అదీ మొదలవలేదు. ఆ మౌనం కంటే పెత్తనమే నయమనిపించింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం అత్తగారు ఉన్నట్టుండి, "ఆ కాపీ తియ్యడం ఎలాగో నాకు చూపించు" అంది.

పిన్ని కుర్చీ జరిపి పక్కన కూర్చుంది. ఆట మూసి ఉండాలి, నడుస్తున్న ఆట ఫైలును కాపీ చేస్తే అదీ సగమే వస్తుంది. ఫోల్డరు మీద కుడివైపు మీట నొక్కాలి, కాపీ అనాలి, పెన్‌డ్రైవులోకి వెళ్ళి అతికించాలి. పేరు పక్కన తారీఖు వెయ్యాలి, లేకపోతే రేపు ఏది ముందుదో ఏది వెనకదో తెలియదు. పాతదాని మీద కొత్తది రాయకూడదు, విడివిడిగా ఉంచుకోవాలి. ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి లాప్‌టాప్‌లో. ఆట తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఏర్పాటు కూడా తీసేసి, అడిగి చేసేలా పెట్టింది.

అత్తగారు ఓపిగ్గా అంతా విన్నది. "రెండు చోట్ల పెట్టావు సరే. అవి నడుస్తాయో లేదో ఎప్పుడు చూస్తావు?"

"అంటే?"

"డిపోలో ప్రతి బస్సుకూ స్టెప్నీ టైరు ఉండేది. అడిగితే ఉందండీ అనేవాళ్ళు. దారిలో టైరు పేలి దించి చూస్తే దాంట్లో గాలి ఉండేది కాదు. అందుకని నేను నెలకోసారి అన్నింటినీ దించి చూపించమనేదాన్ని. అందరూ తిట్టుకునేవాళ్ళు."

పిన్ని ఈ ఒక్క సంగతి ఏ ఫోన్లోనూ ఎవరికీ చెప్పలేదు. తనకే తట్టలేదు. ముందుగా ఆన్‌లైన్లో ఉన్న పాడైన కాపీని తీసేసి, పెన్‌డ్రైవులోని కాపీని పాత లాప్‌టాప్‌లో వేసి తెరిచి చూశారు. తెరుచుకుంది. రైళ్ళు కదిలాయి.

"పాడైనవాటికి మందు ఏదో వేశారన్నావు కదా" అంది అత్తగారు.

"మొన్న ఇంకో అప్‌డేట్ ఇచ్చారు. ఇప్పుడు పెద్ద ఫైళ్ళు కూడా సరిగ్గానే మారుతున్నాయి. పూర్తిగా పాడైనవాటికి మాత్రం ఏం లేదు."

"సరే, ఈ పాతదే కంప్యూటర్లో వెయ్యి. చూద్దాం."

వేశారు. 'పాత ఫైలు మారుస్తున్నాం, ఆగండి' అని వచ్చినప్పుడు ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. మారింది. అత్తగారు ఒకటి రెండు రైళ్ళను అటూ ఇటూ తిప్పి, నదికి అడ్డంగా ఇదివరకు లేని చోట ఒక వంతెన వేసింది. "అప్పుడు ఇక్కడ వెయ్యకుండా తప్పు చేశాను. చుట్టూ తిప్పి చచ్చాను" అని గొణుక్కుంది. పట్టుమని పది నిమిషాలు ఆడి లేచి వెళ్ళి పడుకుంది. మర్నాడు ఇంకో పది నిమిషాలు. అలా మొదలైంది. మునుపటి ఊపు రాలేదు. వస్తుందని ఆమే అనుకోలేదు.

వాన పట్టిన ఒక పొద్దున పిన్ని డ్యూటీకి తయారై జడ వేసుకుంటోంది. అత్తగారు తెర ముందునుంచి, "ఇదిగో, మళ్ళీ అప్‌డేట్ అంటోంది" అని పిలిచింది.

"కాపీ తీశారా?"

"తీశాను, తెరిచి కూడా చూశాను. అయినా ఇప్పుడే ఒప్పుకోను. ఒక వారం పోనీ. ముందు ఎవరెవరికి పోతుందో చూద్దాం."

"పోయినవాళ్ళంతా నాకే ఫోన్ చేస్తారు అత్తయ్యా."

"చేస్తే చెయ్యనీ. నెమ్మదిగా చెప్పు వాళ్ళకి" అంది అత్తగారు, 'తర్వాత' అన్న మీట నొక్కుతూ.

పిన్ని గొడుగు తీసుకుని మెట్లు దిగింది. అప్పటికే బస్సు వచ్చి నిలబడి ఉంది.